అమెరికాలో గృహవసతి వివక్షపై ఫిర్యాదు విధానం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇల్లు అద్దెకివ్వడంలోను, అమ్మడంలోను, ఇంటి ఋణం మంజూరు చేయడంలోను జాతి, మతం మొదలైన కారణాలను బట్టి వివక్ష చూపడం చట్టవిరుద్ధం. ఇట్టి వివక్షకు గురైన వ్యక్తి ప్రభుత్వ శాఖను గాని, న్యాయస్థానాన్ని గాని ఆశ్రయించి న్యాయం పొందే పద్ధతే గృహవసతి వివక్ష ఫిర్యాదు విధానం. దీనికి ముఖ్యమైన ఆధారం 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం. దీని అమలు బాధ్యత ప్రధానంగా కేంద్ర ప్రభుత్వపు గృహవసతి, పట్టణాభివృద్ధి శాఖది. ఈ శాఖను క్లుప్తంగా 'హడ్' అని వ్యవహరిస్తారు.

హడ్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అయితే గడువులు మాత్రం కచ్చితమైనవి. వివక్ష జరిగిన నాటి నుండి ఒక సంవత్సరంలోగా హడ్‌కు ఫిర్యాదు చేయాలి, రెండు సంవత్సరాలలోగా కోర్టులో దావా వేయాలి. చదువు కోసం, ఉద్యోగాల కోసం అమెరికా వెళ్ళే తెలుగువారిలో చాలామంది మొదట అద్దె ఇళ్ళలోనే నివసిస్తారు. కనుక ఈ విధానం వారికి కూడా నేరుగా సంబంధించిన విషయం.

చరిత్ర

అంతర్యుద్ధం ముగిసిన తరువాత 1866లో చేసిన పౌర హక్కుల చట్టం, ఆస్తిని కొనడం, అమ్మడం, కౌలుకు తీసుకోవడం వంటి విషయాలలో శ్వేతజాతి పౌరులకు ఉన్న హక్కులే పౌరులందరికీ ఉంటాయని ప్రకటించినది. ఆచరణలో ఈ చట్టం దాదాపు నూరు సంవత్సరాలు నిద్రాణంగా ఉండిపోయినది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో అనేక నగరాలలో ఇళ్ళ దస్తావేజులలోనే "ఈ ఆస్తిని నల్లజాతివారికి అమ్మరాదు" అనే అర్థం వచ్చే షరతులు వ్రాసుకొనేవారు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 1948లో షెల్లీ - క్రేమర్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యాడు. అప్పటికే కాంగ్రెసులో నలుగుతున్న గృహవసతి బిల్లు ఆ తరువాత వారం రోజులలోనే ఆమోదం పొందినది. ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానిపై సంతకం చేశాడు. అదే ఫెయిర్ హౌసింగ్ చట్టం.

ఈ చట్టం హక్కునైతే ఇచ్చినది గాని, దానిని రాబట్టుకొనే మార్గాన్ని బలహీనంగా ఉంచినది. మొదట్లో ఫిర్యాదుకు 180 రోజుల గడువు మాత్రమే ఉండేది. హడ్ శాఖ ఇరుపక్షాలను పిలిచి నచ్చజెప్పగలిగేదే కాని, తప్పు చేసిన యజమానిపై చర్య తీసుకొనే అధికారం దానికి లేదు. కోర్టు విధించగల శిక్షాత్మక నష్టపరిహారానికి 1,000 డాలర్ల పరిమితి ఉండేది. ఈ కారణంగా ఇరవై సంవత్సరాల పాటు చట్టం ఉన్నా, దానిని ఉల్లంఘించినవారికి భయం లేకపోయినది.

ఈ లోపాన్ని 1988 సవరణ చట్టం సరిదిద్దినది. అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ దీనిపై 1988 సెప్టెంబరు 13న సంతకం చేయగా, ఇది 1989 మార్చి 12 నుండి అమలులోకి వచ్చినది. ఫిర్యాదు గడువు ఒక సంవత్సరానికి, దావా గడువు రెండు సంవత్సరాలకు పెరిగినవి. 1,000 డాలర్ల పరిమితి తొలగిపోయినది. దర్యాప్తు జరిపి అభియోగం మోపే అధికారం హడ్‌కు లభించినది. నేడు అమలులో ఉన్న ఫిర్యాదు విధానం చాలవరకు ఈ సవరణ వలన ఏర్పడినదే.

చట్టం రక్షణ ఇచ్చే కారణాలు

ఫెయిర్ హౌసింగ్ చట్టం ఏడు కారణాలపై వివక్షను నిషేధిస్తుంది.

* జాతి
* శరీర వర్ణం
* మతం
* జాతీయ మూలం, అనగా వ్యక్తి గాని అతని పూర్వీకులు గాని ఏ దేశం నుండి వచ్చారనే విషయం
* స్త్రీ పురుష భేదం (1974లో చేర్చారు)
* కుటుంబ స్థితి, అనగా 18 ఏళ్ళ లోపు పిల్లలు ఉండడం లేదా గర్భవతి కావడం (1988లో చేర్చారు)
* శారీరక లేదా మానసిక వైకల్యం (1988లో చేర్చారు)

ఇటీవలి సంవత్సరాలలో దేశవ్యాప్తంగా నమోదవుతున్న ఫిర్యాదులలో సగానికి పైగా వైకల్యానికి సంబంధించినవే.

ఈ చట్టం పౌరులకే పరిమితం కాదు. విద్యార్థి వీసాపై ఉన్నవారికి, ఉద్యోగ వీసాపై ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. అయితే పౌరసత్వం, వీసా స్థితి అనేవి పై జాబితాలో లేవు. యజమాని దరఖాస్తుదారులందరినీ గుర్తింపు పత్రాలు, ఆదాయ పత్రాలు అడగవచ్చును. కొన్ని దేశాలవారిని మాత్రమే ప్రత్యేకించి అడిగితే అది జాతీయ మూలం ఆధారంగా చూపిన వివక్ష అవుతుంది. అట్లే విద్యార్థి కావడం, కొత్తగా వచ్చినవాడు కావడం, ఋణ చరిత్ర లేకపోవడం అనేవి కూడా కేంద్ర చట్టం రక్షించే కారణాలు కావు. అందరికీ ఒకే విధంగా పాటించే ఆదాయ నియమాన్ని బట్టి ఇల్లు ఇవ్వకపోతే అది వివక్ష కాదు. ఒక పడకగదికి ఇద్దరు చొప్పున అనే పరిమితిని హడ్ సాధారణంగా సమంజసమైనదిగానే పరిగణిస్తుంది. కనుక ఒకే పడకగది ఉన్న ఇంటిలో ఐదుగురు విద్యార్థులకు చోటు నిరాకరించడాన్ని వివక్షగా నిరూపించడం కష్టం.

రాష్ట్రాలు, నగరాలు తమ చట్టాలలో మరికొన్ని కారణాలను చేర్చుకొన్నవి. సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరి 21న కులాన్ని తన వివక్ష వ్యతిరేక చట్టంలో చేర్చినది. అది గృహవసతికి కూడా వర్తిస్తుంది. కేంద్ర చట్టంలో కులం అనే మాట లేదు. కాలిఫోర్నియా శాసనసభ 2023లో ఇటువంటి బిల్లునే ఆమోదించినా, గవర్నరు దానిని తిరస్కరించాడు.

నిషిద్ధమైన చర్యలు

* పై కారణాలను బట్టి ఇల్లు అమ్మడానికి లేదా అద్దెకివ్వడానికి నిరాకరించడం
* అద్దె, ధరావతు, సౌకర్యాల విషయంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క షరతు పెట్టడం
* ఇల్లు ఖాళీగా ఉన్నా లేదని అబద్ధం చెప్పడం
* ఫలానా మతంవారికి లేదా ఫలానా దేశంవారికి మాత్రమే అని ప్రకటన ఇవ్వడం
* కొనదలచినవారిని వారి జాతిని బట్టి ఒక పేటకే మళ్ళించడం
* ఇంటి ఋణాలలో, ఇంటి విలువ కట్టడంలో తేడా చూపడం
* వికలాంగులకు అవసరమైన సమంజసమైన వెసులుబాటును నిరాకరించడం
* ఫిర్యాదు చేసినందుకు బెదిరించడం లేదా వేధించడం

వివక్ష చాలాసార్లు సూటి మాటలలో వ్యక్తం కాదు. "మీ వంటల వాసన మాకు పడదు, మీ దేశంవాళ్ళకు ఇవ్వము" అని పైకి అనేవారు తక్కువ. "ఇప్పుడే వేరేవారికి ఇచ్చేశాము" అని మర్యాదగా చెప్పి, మరునాడు అదే ఇంటికి మళ్ళీ ప్రకటన ఇవ్వడం ఎక్కువగా కనిపించే పద్ధతి. అందువలన మాట కంటె క్రమానికి, తేదీలకు ఫిర్యాదులో విలువ ఎక్కువ.

మినహాయింపులు

నాలుగు లేదా అంతకంటె తక్కువ వాటాలు ఉండి, యజమాని తాను కూడా ఒక వాటాలో నివసించే భవనానికి కేంద్ర చట్టం చాలవరకు వర్తించదు. మూడింటికి మించని విడి ఇళ్ళు గల వ్యక్తి, దళారి సాయం గాని వివక్షతో కూడిన ప్రకటన గాని లేకుండా తానే అమ్ముకొన్నా, అద్దెకిచ్చుకొన్నా మినహాయింపు ఉన్నది. మత సంస్థలకు, ప్రైవేటు క్లబ్బులకు పరిమితమైన మినహాయింపులు కలవు. నిబంధనలకు లోబడిన వృద్ధుల నివాసాలు పిల్లలున్న కుటుంబాలను చేర్చుకోకపోవచ్చును.

వీటిలో యజమానులకు ఇచ్చిన మినహాయింపులు ప్రకటనలకు వర్తించవు. తాను ఉంటున్న ఇంటిలో ఒక వాటా అద్దెకిచ్చే యజమాని కూడా "ఫలానా జాతివారు వద్దు" అని ప్రకటించరాదు. అంతేగాక 1866 చట్టానికి ఇట్టి మినహాయింపులు లేవు. ఆ చట్టం ప్రైవేటు యజమానులకు కూడా వర్తిస్తుందని 1968 జూన్‌లో జోన్స్ - మేయర్ కేసులో సుప్రీం కోర్టు నిర్ణయించినది. అందులోని జాతి వివక్ష నిషేధం వంశమూలాన్ని బట్టి చూపే వివక్షకు కూడా వర్తిస్తుందని 1987లో తీర్పు చెప్పినది.

ఆధారాల సేకరణ

ఫిర్యాదు ఫలితం ఎక్కువగా ఆధారాలపై ఆధారపడి ఉంటుంది. ఫిర్యాది దగ్గర ఉండదగినవి ఇవి:

* ఇల్లు చూసిన తేదీ, సమయం, మాట్లాడిన వ్యక్తి పేరు, హోదా, అన్న మాటలు (అదే రోజున వ్రాసిపెట్టుకొన్నవి)
* ఇంటి ప్రకటన నకలు, అది కనిపించిన తేదీ
* ఈ-మెయిళ్ళు, ఫోను సందేశాలు, దరఖాస్తు, చెల్లించిన సొమ్ముకు రసీదులు
* సాక్షుల వివరాలు
* అదే ఇల్లు తరువాత ఎవరికి, ఏ షరతులపై ఇచ్చారో తెలిస్తే ఆ సమాచారం

ఫోను సంభాషణలను రహస్యంగా రికార్డు చేసే ముందు ఆ రాష్ట్రపు చట్టం తెలుసుకోవడం అవసరం. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో ఆంతరంగిక సంభాషణను అందరి సమ్మతి లేకుండా రికార్డు చేయడం నేరం.

అనేక నగరాలలో గృహవసతి హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు పరీక్షకులను పంపుతాయి. ఆదాయం మొదలైన విషయాలలో సమానులై, జాతిలో మాత్రం భిన్నులైన ఇద్దరు వ్యక్తులు ఒకే ఇంటి కోసం వేరువేరుగా వెళ్ళి, తమకు లభించిన సమాధానాలను నమోదు చేస్తారు. ఒకరికి ఇల్లు ఖాళీ లేదని, మరొకరికి ఉన్నదని చెబితే అది బలమైన ఆధారం అవుతుంది.

ఫిర్యాదు దాఖలు చేయడం

హడ్‌లో ఈ ఫిర్యాదులను గృహవసతి న్యాయం, సమానావకాశాల విభాగం స్వీకరిస్తుంది. ఇంటర్నెట్ ద్వారా గాని, తపాలా ద్వారా గాని, ఫోను ద్వారా గాని, ప్రాంతీయ కార్యాలయంలో గాని ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదులో ఫిర్యాది పేరు, చిరునామా, ప్రతివాది పేరు, చిరునామా, ఇంటి చిరునామా, జరిగిన విషయం క్లుప్తంగా, జరిగిన తేదీ ఉండాలి. ఏ కారణంగా వివక్ష జరిగినదని భావిస్తున్నారో తెలపాలి. పత్రాన్ని సిద్ధం చేయడంలో శాఖ ఉద్యోగులు సహాయం చేస్తారు. చెప్పినది నిజమని ఫిర్యాది ధ్రువీకరించాలి.

ఉదాహరణకు 2026 మార్చి 10న ఇల్లు నిరాకరించినట్లయితే 2027 మార్చి 10 రాకముందే ఫిర్యాదు దాఖలు కావాలి. వేధింపు కొనసాగుతూ ఉంటే చివరిసారి జరిగిన నాటి నుండి గడువును లెక్కిస్తారు.

కేంద్ర చట్టంతో సమానమైన రక్షణలున్నవని హడ్ గుర్తించిన రాష్ట్ర, స్థానిక సంస్థలు కొన్ని కలవు. ఆ ప్రాంతాల నుండి వచ్చిన ఫిర్యాదులను హడ్ సాధారణంగా ఆ సంస్థలకు పంపుతుంది. నేరుగా రాష్ట్ర సంస్థకు కూడా ఫిర్యాదు చేయవచ్చును. అయితే రాష్ట్రాల గడువులు వేరుగా ఉంటాయి. తెలుగు కుటుంబాలు గణనీయంగా నివసిస్తున్న న్యూజెర్సీలో రాష్ట్ర పౌర హక్కుల విభాగానికి ఫిర్యాదు చేయడానికి గడువు 180 రోజులు మాత్రమే. సంవత్సరం ఉన్నదనే ధీమాతో ఆగినవారు రాష్ట్ర చట్టంలోని అదనపు రక్షణలకై ఆ విభాగాన్ని ఆశ్రయించే అవకాశాన్ని కోల్పోతారు.

దర్యాప్తు, రాజీ

ఫిర్యాదు నమోదైన పది రోజులలోగా దాని ప్రతి ప్రతివాదికి పంపబడుతుంది. అది అందిన పది రోజులలోగా ప్రతివాది సమాధానం ఇవ్వవచ్చును. తరువాత దర్యాప్తు అధికారి ఇరుపక్షాలతో, సాక్షులతో మాట్లాడి, అద్దె దరఖాస్తులు, ఖాళీల రికార్డులు పరిశీలిస్తాడు. దర్యాప్తు 100 రోజులలో పూర్తి కావాలని చట్టం చెబుతున్నది. సాధ్యం కాని పక్షంలో కారణాలను వ్రాతపూర్వకంగా ఇరుపక్షాలకు తెలపాలి. అనేక కేసులలో ఈ గడువు దాటిపోతుంది.

ఈలోగా ఇల్లు ఇంకొకరికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంటే, హడ్ కోరిక మేరకు కేంద్ర న్యాయ శాఖ కోర్టు నుండి తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తీసుకొనవచ్చును. ఫిర్యాదు సంగతి తెలియకుండా ముందే ఇంటిని కొన్న లేదా అద్దెకు తీసుకొన్న వ్యక్తికి మాత్రం చట్టం రక్షణ ఇస్తుంది. ఆ ఇల్లే కావాలనుకొనే వ్యక్తి ఆలస్యం చేయకూడదనడానికి ఇది ఒక కారణం.

ఫిర్యాదు నమోదైన నాటి నుండి రాజీకి కూడా ప్రయత్నం సాగుతుంది. రాజీ ఇరుపక్షాల ఇష్టంపై ఆధారపడినది. ఒప్పందంలో ఇల్లు ఇవ్వడం, సొమ్ము చెల్లించడం, యజమాని ఉద్యోగులకు శిక్షణ ఇప్పించడం వంటి షరతులు ఉండవచ్చును. రాజీ చర్చలలో అన్న మాటలను వారి వ్రాతపూర్వక సమ్మతి లేకుండా తరువాత సాక్ష్యంగా వాడరాదు. ఫిర్యాది ఒప్పందంపై సంతకం చేసిన తరువాత ఆ వివక్షపై దావా వేసే హక్కు పోతుంది. అప్పుడు ఒప్పందాన్ని అమలు చేయించుకొనే హక్కు మాత్రమే మిగులుతుంది.

అభియోగం, విచారణ

దర్యాప్తు ముగిసిన తరువాత, వివక్ష జరిగినదని నమ్మడానికి తగిన కారణం ఉన్నదా లేదా అని హడ్ నిర్ణయిస్తుంది. కారణం లేదనుకొంటే ఫిర్యాదును కొట్టివేస్తుంది. ఉన్నదనుకొంటే ప్రతివాదిపై అభియోగ పత్రం జారీ చేస్తుంది.

అభియోగ పత్రం అందిన 20 రోజులలోగా ఇరుపక్షాలలో ఎవరైనా కేసును ఫెడరల్ కోర్టులో విచారించాలని కోరవచ్చును. అలా కోరితే న్యాయ శాఖ ఫిర్యాది తరఫున ప్రభుత్వ ఖర్చుతో దావా వేస్తుంది. ఎవరూ కోరకపోతే కేసు పరిపాలనా న్యాయమూర్తి ఎదుట విచారణకు వస్తుంది. అక్కడ కూడా కేసును ప్రభుత్వ న్యాయవాదులే నడుపుతారు. విచారణ అభియోగం జారీ అయిన 120 రోజులలో ప్రారంభం కావాలని, విచారణ ముగిసిన 60 రోజులలో నిర్ణయం వెలువడాలని చట్టం నిర్దేశించినది. ఈ నిర్ణయంపై అప్పీలు కోర్టుకు వెళ్ళవచ్చును.

నేరుగా దావా వేయడం

హడ్‌కు ఫిర్యాదు చేయకుండానే కోర్టుకు వెళ్ళవచ్చును. ఫిర్యాదు చేసినప్పటికీ వెళ్ళవచ్చును. గడువు రెండు సంవత్సరాలు. హడ్ వద్ద ఫిర్యాదు పెండింగులో ఉన్న కాలాన్ని ఈ రెండు సంవత్సరాలలో లెక్కించరు. ఉదాహరణకు ఫిర్యాదు ఎనిమిది నెలలు పెండింగులో ఉంటే ఆ ఎనిమిది నెలలు గడువుకు కలుస్తాయి. హడ్ ఫిర్యాదును కొట్టివేసినా దావా హక్కు పోదు. పరిపాలనా న్యాయమూర్తి ఎదుట విచారణ ప్రారంభమైతే మాత్రం దావాకు వీలు లేదు. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి కోర్టు న్యాయవాదిని నియమించవచ్చును, రుసుములు మాఫీ చేయవచ్చును.

లభించే పరిహారం

రెండు మార్గాలలోను వాస్తవ నష్టపరిహారం లభిస్తుంది. వేరే ఇంటికి అదనంగా చెల్లించిన అద్దె, హోటలు ఖర్చులే గాక, అవమానం వలన కలిగిన మనస్తాపానికి కూడా పరిహారం ఇవ్వవచ్చును. ఇల్లు ఇవ్వాలని, నియమాలు మార్చాలని ఆదేశించవచ్చును. గెలిచిన పక్షానికి న్యాయవాది ఖర్చులు ఇప్పించవచ్చును. శిక్షాత్మక నష్టపరిహారం మాత్రం కోర్టులోనే లభిస్తుంది. పరిపాలనా న్యాయమూర్తి దానికి బదులు జరిమానా విధించవచ్చును. మొదటి ఉల్లంఘనకు చట్టంలో 10,000 డాలర్లుగా వ్రాసిన గరిష్ఠ పరిమితి, ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరించబడుతూ 2025 నాటికి 26,000 డాలర్లు దాటినది. ఈ జరిమానా ప్రభుత్వానికి చెందుతుంది, ఫిర్యాదికి కాదు.

ఫిర్యాదు తరువాత జాగ్రత్తలు

ఫిర్యాదు చేసినందుకు అద్దె పెంచడం, ఖాళీ చేయించడం, బెదిరించడం వేరుగా ఒక ఉల్లంఘన అవుతుంది. మొదటి ఫిర్యాదు నిరూపణ కాకపోయినా ప్రతీకార చర్య నిరూపణ కావచ్చును. అయితే హడ్‌కు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయించే దావా తనంతట తాను ఆగదు. స్థానిక కోర్టు నుండి నోటీసు వస్తే దానికి విడిగా గడువులోగా జవాబు ఇవ్వాలి. అద్దె చెల్లించడం ఆపితే యజమానికి చట్టబద్ధమైన సాకు దొరుకుతుంది.

ముఖ్యమైన తీర్పులు

* 1972: ట్రాఫికాంటె కేసు. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద నివాస సముదాయంలో నల్లజాతివారికి ఇళ్ళు ఇవ్వకపోవడంపై అక్కడ నివసిస్తున్న శ్వేతజాతి అద్దెదారు కూడా ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీం కోర్టు తీర్పు. వివిధ జాతులతో కలసి జీవించే అవకాశం పోవడం కూడా నష్టమేనని దీని సారాంశం.
* 1982: హేవెన్స్ రియాల్టీ కేసు. ఇల్లు తీసుకొనే ఉద్దేశం లేని పరీక్షకునికి కూడా నిజమైన సమాచారం పొందే హక్కు ఉన్నదని, అబద్ధం చెబితే దావా వేయవచ్చునని తీర్పు.
* 2015: టెక్సాస్ గృహవసతి శాఖ కేసు. ఉద్దేశం లేకపోయినా, ఒక వర్గానికి అన్యాయంగా ఎక్కువ నష్టం కలిగించే నియమాలను ఈ చట్టం క్రింద ప్రశ్నించవచ్చునని 5-4 మెజారిటీతో తీర్పు. ఇట్టి కేసుల అమలుకు ప్రాధాన్యం తగ్గించాలని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కేంద్ర శాఖలను ఆదేశించాడు. కార్యనిర్వాహక ఉత్తర్వు సుప్రీం కోర్టు తీర్పును మార్చజాలదు.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో గృహవసతి వివక్షకు ప్రత్యేకించిన ఒకే చట్టం గాని, హడ్ వంటి ఫిర్యాదు యంత్రాంగం గాని లేదు. రక్షణలు వేరువేరు చట్టాలలో ఉన్నవి. అంటరానితనం కారణంగా ఒక వ్యక్తిని ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోనివ్వకపోవడం, సంపాదించుకోనివ్వకపోవడం, అందులో ఉండనివ్వకపోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం క్రింద నేరం. దీనిపై పోలీసులకు ఫిర్యాదు చేయాలి. 2017 హెచ్.ఐ.వి. చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఆయా వర్గాలకు ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించినవి. మరొకవైపు, పార్సీలకే సభ్యత్వం పరిమితం చేసిన అహమ్మదాబాదులోని ఒక గృహ సహకార సంఘపు నియమాన్ని 2005లో సుప్రీం కోర్టు సమర్థించినది.

గడువుల సంగ్రహం

* హడ్‌కు ఫిర్యాదు: వివక్ష జరిగిన నాటి నుండి 1 సంవత్సరం
* కోర్టులో దావా: 2 సంవత్సరాలు (హడ్ వద్ద పెండింగు కాలం మినహా)
* ప్రతివాదికి నోటీసు: 10 రోజులు
* ప్రతివాది సమాధానం: నోటీసు అందిన 10 రోజులు
* దర్యాప్తు: 100 రోజులు
* ఫెడరల్ కోర్టును ఎంచుకోవడం: అభియోగ పత్రం అందిన 20 రోజులు
* రాష్ట్ర సంస్థలకు ఫిర్యాదు: ఆయా రాష్ట్ర చట్టాన్ని బట్టి